మాస్టర్‌కు నేను నాలుకనైన రెండేళ్లు

మాస్టర్ పోయారన్న కబురు ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. బంగళా ముందు హాల్లో టేబుళ్లన్నీ నిండి ఉన్నాయి. వెనక వరండాలో డ్యూటీ దిగి వచ్చిన గని కార్మికులు రెండు బల్లలు కలిపి కూర్చున్నారు. మా సప్లయర్ వంటింటి గుమ్మంలో నిలబడి, ఫోన్ చెవికి ఆనించుకునే, "అక్కా, మాస్టర్ పోయిండంట. ఖమ్మం దవాఖానల. ఇప్పుడే," అన్నాడు. కాస్త ఆగి, "నాలుగో టేబుల్‌కు రెండు పులుసు, ఒక వేపుడు," అని కూడా అన్నాడు.

నేను పొయ్యి ఆపలేదు. పులుసు దించాను, వేపుడు తిప్పాను. ఆ టేబుల్‌కూ, దాని తర్వాతి టేబుల్‌కూ పంపించాను. అప్పుడు చేతులు కడుక్కుని వెనక బావి గట్టు మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. "పొయ్యి మీద ఉన్నదాన్ని ఇడిచిపెట్టి ఏడ్వకు. అది మాడితే దానికోసం ఇంకోసారి ఏడ్వాలె," అని మాస్టర్ అనేవారు. ఆ మాట నిలబెట్టానని చెప్పుకుంటే కొంత నిజమే. మిగతా నిజం చెప్పడానికి ఇది రాస్తున్నాను.

ఒళ్లు కాలి ఎనిమిది రోజులు మంచం మీద ఉండి పోయారు ఆయన. అరవై ఇంకా నిండలేదు. మా ఊళ్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. హోటళ్లలో పెద్ద వంటవాణ్ని మాస్టర్ అంటారు. ఆయన మాత్రం ఊరంతటికీ మాస్టరే.

బంగళా అంటే మణుగూరు రోడ్డు మీద, ఊరు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉన్న పాత ఇల్లు. మా తాతల కాలంలో కలప వ్యాపారం చేసిన ఒక దొర కట్టించుకున్నాడు. టేకు దూలాలు, నిలువెత్తు కిటికీలు, ఎండాకాలంలో కూడా చల్లగా ఉండే నల్లరాతి నేల. దుప్పి కొమ్ములు తగిలించిన మేకులు ఇప్పటికీ గోడలకు ఉన్నాయి. దొర వారసులు ఎటో వెళ్లిపోయాక కొన్నాళ్లు తునికాకు గోదాముగా ఉండి, చివరికి బార్ అండ్ రెస్టారెంట్ అయింది. బోర్డు మీద ఏదో పేరుంది గానీ అందరూ బంగళా అనే అంటారు. ముందు హాలు ఫ్యామిలీలకు. కాలనీల నుంచి పిల్లలను తీసుకుని వచ్చి తీరిగ్గా భోంచేసి పోతారు. వెనక వరండా తాగేవాళ్లకు. మధ్యలో చెక్క జాలీ అడ్డం. వంటిల్లు పెరట్లో, ఒకప్పుడు దొర గుర్రాలను కట్టేసిన కొట్టంలో.

ఆ ఇల్లంటే మాస్టర్‌కు ఒక రకమైన కసి, ఇష్టం రెండూ ఉండేవి. "గీ హాల్ల దొర ఒక్కడే కూసొని తింటుంటే మనోళ్లు బయట చేతులు కట్టుకొని నిలబడ్డరు. ఇప్పుడు టిప్పర్ డ్రైవర్ పెండ్లాం పిల్లలతోని కూసొని ముల్లు ఏరుకుంట తింటున్నడు. నేను వండేది గందుకే," అన్నారొకసారి.

నేను తిరుమలాయపాలెం వైపు తండా పిల్లను. టీచర్ ట్రైనింగ్ చదివాను, ఉద్యోగం రాలేదు. పెళ్లయి ఇటు వచ్చాను. నాలుగేళ్లకు నా భర్త వేరే ఊళ్లో వేరే ఇల్లు పెట్టుకున్నాడు. బిడ్డను హాస్టల్లో చేర్చి, గిన్నెలు కడిగే పనైనా ఇవ్వమని బంగళాకు వచ్చాను. ఓనర్ నన్ను వంటింటికి పంపించాడు.

మాస్టర్ అప్పుడు ఎండుమిరపకాయలు విరుస్తున్నారు. ఒక్కోదాన్ని చెవి దగ్గర పెట్టుకుని విరిచేవారు. టప్పుమనకపోతే పక్కన పడేసేవారు.

"చదువుకున్నవా?" అన్నారు తలెత్తకుండానే.

"అవ్ సార్."

"సార్ గీర్ కాదు, మాస్టర్ అను. చదువుకున్నోళ్లకు చేతులు మొద్దువారి ఉంటయి. ఎన్ని దినాలుంటవో చూద్దాం."

ఆయన మంచివాడని రాస్తే అబద్ధమవుతుంది. ఒక ఏడాది పాటు నాతో ఉల్లిగడ్డలు తరిగించడం, చేపలు కడిగించడం తప్ప ఇంకేమీ చేయించలేదు. ముక్క మందం తేడా వస్తే గరిటె కాడతో వేళ్ల మీద కొట్టేవారు. మొదటిసారి కూర వండనిచ్చినప్పుడు ఒక చుక్క నోట్లో వేసుకుని, నా కాళ్ల దగ్గరే ఉమ్మేశారు. "నాలుకున్నదా, తాకట్టు పెట్టినవా?" అన్నారు. సప్లయర్లు నవ్వారు. నేను మళ్లీ వండాను. మళ్లీ ఉమ్మేశారు. నాలుగోసారి ఉమ్మలేదు, మింగారు. ఆ రోజు బస్సులో ఇంటికి వెళ్తూ నాలో నేనే నవ్వుకున్నాను. ఒక మనిషి ఉమ్మకపోవడమే మెప్పుగా బతకడం ఎంత హీనమో అప్పుడు తోచలేదు.

కానీ పని నేర్పేటప్పుడు దాచుకునేవారు కాదు. చింతపండు పిండడం దగ్గర నుంచి, కొర్రమీను ముక్కకు పసుపు పట్టించాక ఎంతసేపు ఆగాలో దాకా, ప్రతిదానికీ ఒక కారణం చెప్పేవారు. "ఉప్పేసేటప్పుడు మాట్లాడకు" అనేవారు. వరండాలో తాగేవాళ్లకు పంపే కూరే కదా అని ఒకసారి నేను తేలిగ్గా తీసుకుంటే గిన్నె వెనక్కి లాక్కుని, "తాగినోనికి రుచేం తెలుస్తదని ఎన్నడనకు. తాగినోని నాలుక అబద్ధమాడదు. మర్యాదకు బాగుందని చెప్పేది తాగనోడే," అన్నారు. ఆయన మాత్రం అందరూ తిన్నాక గుమ్మం బయట నిలబడి, మజ్జిగన్నంలో పచ్చిమిరపకాయ నంజుకుని తినేవారు. వంటింట్లో కూర్చోగా నేను చూసింది ఒక్కసారే. ఆ రోజు గురించి ఇప్పుడు చెబుతాను.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు మాస్టర్ మూడు వారాలు మంచంలో ఉన్నారు. బంగళా కూడా మూసే ఉంది. మళ్లీ తెరిచాక మనిషి సన్నబడి వచ్చారు. కోపం మాత్రం తగ్గలేదు. కొన్నాళ్లకు ఒక పొద్దున చేపల పెట్టె తెరిస్తే గుప్పున కంపు కొట్టింది. మేమంతా ముక్కు మూసుకున్నాం. మాస్టర్ మాత్రం పెట్టె మీదికి వంగి, తాపీగా ఒక్కో చేపనూ తీసి బండ మీద పెడుతున్నారు.

"మాస్టర్, చేప పాడైంది గదా," అన్నాను.

ఆయన చేతులు ఆగాయి. "నాకు తెల్వదా? నీకు తెలుస్తదా లేదా అని చూస్తున్న," అన్నారు.

మరో రోజు వెనక పొయ్యి మీద పప్పు మాడి వాసన పెరడంతా పాకినా, ఆయన తిరిగి చూడలేదు. నాకు అనుమానం వచ్చింది. అప్పుడు నేను చేసిన పని రాయడానికి చెయ్యి వెనకాడుతోంది. మధ్యాహ్నం ఆయనకు చాయ్ ఇచ్చేది నేనే. ఆ రోజు చక్కెర బదులు రెండు చెంచాలు ఉప్పు వేసి ఇచ్చాను. ఎదురుగా నిలబడి చూశాను. ఆయన ఊదుకుంటూ, ఒక్కో గుటకా తాగారు. గ్లాసు అడుగు దాకా తాగారు. గ్లాసు తిరిగి ఇస్తూ నా ముఖం చూశారు. నా ముఖంలో ఏం కనిపించిందో మరి.

"ఏమేసినవ్ చాయ్‌ల?"

"ఉప్పు."

మాస్టర్ వెనక్కి నడిచి బియ్యం బస్తా మీద కూర్చున్నారు. తర్వాత, "జ్వరం పోయింది గానీ ముక్కు రాలే, నాలుక రాలే. మూడు నెలలాయె. డాక్టర్లు వస్తదంటున్నరు. బెల్లమైనా మన్నే, కారమైనా మన్నే. కారం మంట తెలుస్తది, గంతే," అన్నారు. ఆపైన తల వంచుకుని, "పిల్లా, ఎవ్వరికీ చెప్పకు," అన్నారు.

అప్పటిదాకా ఆయన నన్ను ఏదీ అడిగి ఎరుగరు, ఆజ్ఞాపించడమే.

ఆ రోజు నుంచి రెండేళ్లు నేను ఆయన నాలుకనయ్యాను. ప్రతి గిన్నె దించే ముందు నేను రుచి చూసేదాన్ని. సప్లయర్లు వింటారని మాటల్లో చెప్పేదాన్ని కాదు. ఒక వేలు చూపిస్తే ఉప్పు తక్కువ. రెండు వేళ్లు పులుపు. మూడు వేళ్లు కారం. పిడికిలి బిగిస్తే అంతా సరిపోయిందని. ఆయన నా చెయ్యి చూసి సరిచేసేవారు. హాల్లో తినేవాళ్లకు ఏ తేడా తెలియలేదు. కాలనీ నుంచి వచ్చే ఒక పెద్దాయనైతే, "ఈ మధ్య మాస్టర్ చెయ్యి ఇంకా తిరిగింది," అని కబురు పంపాడు. మాస్టర్ ఆ కబురు విని నా వైపు చూడకుండా మసాలా నూరుకున్నారు.

ఆ రెండేళ్లలోనే నేను నిజంగా వంట నేర్చుకున్నాను. రుచి పోయిన మనిషి మిగిలినవాటితో ఎలా వండుతాడో చూశాను. పులుసు ఉడికే చప్పుడు విని చిక్కదనం చెప్పేవారు. "ఇను, ఇప్పుడు గలగలమంటున్నది, కాసేపైతే గుబగుబమంటది, అప్పుడు దించు," అనేవారు. నూనె పైకి తేలే తీరు, ముక్క అంచు తెల్లబడే తీరు కళ్లతోనే పట్టేవారు. ఇవాళ నా వంటను ఎవరైనా మెచ్చుకుంటే అందులో సగం ఆ చెవిదీ, ఆ కళ్లదీ.

అయితే ఒక మనిషి గుట్టు మన చేతిలో ఉంటే ఆయన మనమీద దయగా ఉంటాడనుకోవడం పొరపాటు. మాస్టర్ నన్ను చూసి భయపడ్డారు. భయపడే కొద్దీ నోరు పెరిగింది. చిన్న తప్పుకు కూడా నలుగురిలో తిట్టేవారు. నేను ఎదురు చెప్తానేమోనన్నట్టు ముందే తిట్టేవారు. నాకూ రోజురోజుకూ ఒకటే ఆలోచన. రుచి నాది, పేరు ఆయనది. వండేది నేను, మాస్టర్ ఆయన.

ఒక శనివారం పొద్దున నేను చేసిన కూర రంగు తప్పిందని, మూకుడెత్తి మొత్తం నేల మీద పోశారు. సప్లయర్లు, కౌంటర్‌లో కూర్చునే అతను, గ్యాస్ బండలు దించడానికి వచ్చినవాళ్లు అందరూ చూస్తున్నారు.

"నాలుకొక్కటి ఉంటే సాలదు. బుద్ధుండాలె. మీ తండాల బర్రెకు పెట్టే కుడితి గిది. మనుషులకు పెడతవా?"

చీపురు తెచ్చి నేల ఊడ్చాను. నీళ్లు పోసి కడిగాను. మా అమ్మ గుర్తొచ్చింది. పండగపూట జొన్నరొట్టె మీద ఆమె పోసే కూర గుర్తొచ్చింది. చేతులు తుడుచుకుని, నేరుగా ఓనర్ గదికి వెళ్లాను.

"సార్, మాస్టర్‌కు రెండేండ్ల సంది రుచి తెల్వది. వాసన తెల్వది. నేను సూసి చెప్తేనే వండుతున్నడు."

ఓనర్ కాగితాల మీది నుంచి తలెత్తాడు. నమ్మలేదు. నేను వివరంగా చెప్పాను. వేళ్ల సంగతి కూడా చెప్పాను.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. "సరే, నేను చూసుకుంటా. నిజమైతే సోమవారం నుంచి వంటిల్లు నీదే," అన్నాడు.

నేను వంటిల్లు అడగలేదు. వద్దని కూడా అనలేదు. పిలిచి నెమ్మదిగా మాట్లాడతాడనీ, వయసు గౌరవించి సాగనంపుతాడనీ అనుకున్నాను. ఇది కూడా నాకు నేను చెప్పుకున్న మాటేనేమో.

మర్నాడు ఆదివారం, హాలు నిండుగా ఉన్న వేళ, ఓనర్ మాస్టర్‌నూ నన్నూ ముందు హాల్లోకి పిలిపించాడు. కిటికీ పక్క పెద్ద టేబుల్ దగ్గర ఓనర్ స్నేహితులు, కాంట్రాక్టర్లు నలుగురు గ్లాసులు పెట్టుకుని కూర్చున్నారు. టేబుల్ మీద రెండు గిన్నెల్లో పులుసు ఉంది.

"మాస్టర్, మావాళ్లు పందెం కాశారు. ఈ రెంట్లో ఒకటి మన పులుసు, ఇంకోటి బయటిది. నువ్వు చెప్పాలి," అన్నాడు ఓనర్ నవ్వుతూ.

మాస్టర్ నా చేతుల వైపు చూశారు. నా చేతులు కొంగులో ఉన్నాయి.

ఆయన రెండు గిన్నెల మీదికీ వంగారు. గరిటెతో తిప్పి, ధార కిందికి జారే తీరు చూశారు. "గిది మనది. దీంట్ల మెంతులు నల్లబడ్డయి, మన పులుసు కాదది," అని సరైన గిన్నెనే చూపించారు. ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది. గెలిచారనుకున్నాను.

"కండ్లతో ఎవడైనా చెప్తడు. గంతలు కట్టుర్రి!" అన్నాడు కాంట్రాక్టర్లలో ఒకడు.

వాళ్లు మాస్టర్ భుజం మీది తువ్వాలునే తీసి ఆయన కళ్లకు కట్టారు. ఆయన వద్దనలేదు. వద్దంటే గుట్టు బయటపడుతుందనుకున్నారో, ఇంత మందిలో ఏం చేయాలో తోచలేదో. పక్క టేబుళ్లవాళ్లు తినడం ఆపి చూస్తున్నారు. పిల్లలు కుర్చీలెక్కారు. ఎవరో ఫోన్ పైకెత్తి పట్టుకున్నారు. ఓనర్ ఒక గిన్నెలో గుప్పెడు చక్కెర పోసి కలిపి, చెంచాతో మాస్టర్ నోటికి అందించాడు.

మాస్టర్ మింగారు. నాలుక పెదవుల మీద తిప్పారు. తల అటూ ఇటూ కదిలింది, చెవులతో వెతుకుతున్నట్టు.

"పిల్లా... ఉన్నవా?" అన్నారు మెల్లగా.

నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఆయన పిలుపు నాకు వినిపించింది. ఉన్నానని చెప్పడానికి ఒక్క మాట చాలు, దగ్గితే చాలు. నేను చెప్పలేదు. నేల మీది రాళ్ల అతుకులు చూస్తూ నిలబడ్డాను. నేను అక్కడ లేనని ఆయన అనుకోవాలని ఊపిరి కూడా బిగబట్టాను.

కాసేపు ఎదురుచూసి మాస్టర్ గొంతు సవరించుకున్నారు. "బాగనే ఉన్నది. ఉప్పే కొద్దిగ తక్కువైంది," అన్నారు.

హాలంతా నవ్వింది. కాంట్రాక్టర్లు బల్ల చరిచారు. చిన్నపిల్లలు ఎందుకో తెలియకుండానే నవ్వారు. "చక్కెర పోసిండ్రు మాస్టర్, చక్కెర!" అని ఎవరో అరిచారు. చెక్క జాలీ అవతల వరండాలో తాగుతున్నవాళ్లు మాత్రం నవ్వలేదు. అది నాకు బాగా గుర్తు.

మాస్టర్ తువ్వాలు తనే విప్పుకున్నారు. దాన్ని నాలుగు మడతలు పెట్టి భుజం మీద వేసుకున్నారు. అప్పుడు నేను కనిపించాను. ఆయన కళ్లు నా ముఖం మీద ఆగాయి, కొంగులో ఉన్న నా చేతుల మీద ఆగాయి. బంగళాలో ఆయన గుట్టు ఎరిగింది నేనొక్కదాన్నే. చెప్పింది ఎవరో ఆయనకు తెలియడానికి ఇంకేం కావాలి?

ఆయన వంటింట్లోకి నడిచారు. నేను వెనకే వెళ్లాను. తిడతారనుకున్నాను, కొట్టినా బాగుండేది. పొయ్యి మీద పెద్ద గిన్నెలో మధ్యాహ్నం పులుసు ఉడుకుతోంది. మంట తగ్గించి, "దించినంక జర ఆరనియ్యి, అప్పుడు మూత పెట్టు. వేడి మీద పెడితే చెమట దిగి చప్పబడ్తది," అన్నారు. చెప్పులేసుకుని పెరటి తలుపు గుండా వెళ్లిపోయారు.

ఆ వీడియో సాయంత్రానికే ఊళ్లో అందరి ఫోన్లలోకి వెళ్లింది. కొన్ని వారాల పాటు కూరగాయల అంగట్లో, బస్టాండులో, ఎక్కడ కనిపించినా ఆయన్ని "మాస్టర్, ఉప్పు సరిపోయిందా?" అని అడిగారు. వేరే హోటల్ ఏదీ ఆయన్ని పెట్టుకోలేదు. ఆయన భార్య బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండేది. ఆమెకు ఎల్లిగడ్డలు ఒలిచి పెడుతూ ఇంట్లో ఉండిపోయారు. నేను సోమవారం నుంచి మాస్టర్‌నయ్యాను. బంగళా వంటింట్లో మొదటి ఆడ మాస్టర్ అని ఓనర్ నా ఫొటో తీయించి హాల్లో పెట్టాడు.

ఏడాది తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన బంగళాకు వచ్చారు. పెరటి వైపు కాదు, ముందు మెట్లెక్కి వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, హాల్లో ఒక్కరే కూర్చుని కొర్రమీను పులుసు, అన్నం తెప్పించుకున్నారు. సప్లయర్ వచ్చి చెప్పాడు. తొమ్మిదిసార్లు రుచి చూసి పంపాను. జాలీ సందుల్లోంచి చూస్తే ఆయన ముల్లు తీసి, ముద్ద కలిపి, వరుసగా తింటున్నారు. కంచంలో మెతుకు మిగల్చలేదు. ఆగలేక బయటికి వెళ్లాను.

"మాస్టర్, తప్పయింది," అన్నాను.

ఆయన చెయ్యి కడుక్కుంటూ, "రంగు మంచిగున్నది. సిక్కదనం మంచిగున్నది. మిగిలింది నాకు మన్నే," అన్నారు. తువ్వాలుతో మూతి తుడుచుకుని లేచారు. "తినేటోళ్ల ముందట వంటోళ్లు నిలబడొద్దు. లోపలికి పో."

ఆయన నాతో మాట్లాడిన ఆఖరి మాటలు అవే. ఎన్నోసార్లు తిప్పి తిప్పి చూసుకున్నాను. అందులో క్షమ ఎక్కడా దొరకలేదు.

ఇక ఆయన కాలిన సంగతి. ఆ పొద్దున భార్య బడికి వెళ్లింది. గ్యాస్ పైపు ఎక్కడో చిట్లి, తలుపులు వేసిన ఇంట్లో గ్యాస్ నిండింది. గోడ అవతల పక్కింటివాళ్లకు వాసన తెలిసింది. వాళ్లు లేచి వచ్చి తలుపు కొట్టేలోపే మాస్టర్ చాయ్ పెట్టుకుందామని అగ్గిపుల్ల గీశారు. గుప్పెడు ఇంట్లో, పొయ్యి పక్కనే నిలబడి ఉన్న మనిషికి తెలియలేదు. బంగళా వంటింట్లో ఉండి ఉంటే ఎవరో ఒకరం చెప్పేవాళ్లం. ఈ వాక్యం రాయకుండా ఉందామనుకున్నాను గానీ, రాయక తప్పదు.

ఆరో రోజు ఖమ్మం వెళ్లాను. దవాఖానా వరండాలో ఆయన భార్య నన్ను పట్టుకుని ఏడ్చింది.

"ఆ ఓనర్‌కు చెప్పినోడెవడో, వాని నోరు పడిపోను! గా దినం సంది మనిషి సగం సచ్చిండు చెల్లె. నువ్వొక్కదానివే ఆయనకు తోడున్నవ్. మీ మాస్టర్ నీ గురించి ఎన్నడు సెడ్డగ చెప్పలే."

ఆయన చెప్పలేదు. నాలుగు గోడల మధ్య, పక్కన పడుకునే మనిషికి కూడా చెప్పలేదు. ఆమె నా తల నిమురుతుంటే నేను తలవంచుకుని నిలబడ్డాను. అప్పుడు కూడా నోరు విప్పలేదు. అక్కా, ఇది నువ్వు చదువుతావు, లేదా ఎవరో చదివి వినిపిస్తారు. చెప్పింది నేను. కళ్లకు గంతలు కట్టి ఉన్నప్పుడు పిలిస్తే పలకనిదీ నేను.

లోపల ఆయన మెలకువగా ఉన్నారు. ముఖం సగం కట్ల మధ్య ఉంది. "మాస్టర్, నేను," అన్నాను. ఆయన నా వైపు చూశారు. గుర్తుపట్టారు. తర్వాత ముఖం గోడవైపు తిప్పుకున్నారు. మెడ చుట్టూ కాలి ఉంది. తిప్పితే ప్రాణం పోయేంత నొప్పి పుట్టి ఉంటుంది. కొంచెం కొంచెంగా, ఆగి ఆగి, పూర్తిగా తిప్పుకున్నారు. నేను బయటికి వచ్చేశాను.

మూడో రోజు పిట్టకు పెట్టే వేళకు ఆయన ఇంటికి వెళ్లాను. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పెడితే పిట్ట వచ్చి ముట్టాలి. ముడితే తృప్తిగా పోయినట్టు. వంటగది గోడ పైదాకా నల్లగా ఉంది. వాకిట్లో మూడు రాళ్లు పెట్టి మంట వేశారు. నేను ఒక పక్కన నిలబడితే ఆయన భార్య నన్ను చెయ్యి పట్టుకుని పొయ్యి దగ్గరికి తీసుకెళ్లింది.

"ఆయన పులుసు ఆయన శిష్యురాలే వండాలె. కూసో."

చుట్టాలందరూ అవునన్నారు. కూర్చున్నాను. చింతపండు పిండాను. ముక్కలు వేశాను. పులుసు మరిగేటప్పుడు అలవాటుగా గరిటెతో అరచేతిలో చుక్క వేసుకుని నోటి దగ్గరికి తెచ్చాను. ఒక ముసలమ్మ నా చెయ్యి లాగేసింది.

"ఎంగిలి సెయ్యకు బిడ్డా! పోయినోనికి పెట్టేది."

అరచేతిలో చుక్క ఆరిపోయింది. నా ముందు గిన్నె ఉడుకుతోంది, అందులో ఉప్పెంతుందో నాకు తెలియదు. పులుపు విరిగిందో లేదో తెలియదు. చుట్టూ పదిమంది నన్నే చూస్తున్నారు. చప్పుడు విందామని చెవి పెట్టాను, వాళ్ల మాటల్లో ఏమీ వినపడలేదు. నూనె తేలే తీరు చూశాను, పొగలో కళ్లు మండాయి. రెండేళ్లు ఆ మనిషి రోజూ, ప్రతి గిన్నె దగ్గరా ఇలాగే నిలబడ్డారు. నేను అరగంట కూర్చోలేకపోయాను. చేతికి వచ్చినంత ఉప్పు వేసి దించేశాను.

విస్తట్లో అన్నం పెట్టి, పులుసు పోసి, ప్రహరీ గోడ దగ్గర బండ మీద ఉంచారు. అందరం దూరం జరిగాం. ఎండ నెత్తి మీదికి వచ్చింది. పిట్ట రాలేదు. "ఏమన్న కోరిక మిగిలిందేమో," అన్నారెవరో. "అందరం మొక్కుండ్రి," అన్నారు ఇంకొకరు. ఆయన భార్య కొంగు పట్టుకుని, "నీ శిష్యురాలు వండింది, వచ్చి తిను," అని గట్టిగా పిలిచింది. నేను ఎవరికీ మొక్కలేదు. మొక్కే ముఖం నాకు లేదు.

చాలాసేపటికి ఒక కాకి వచ్చి గోడ మీద వాలింది. తల ఒకవైపు వంచి విస్తరిని చూసింది. కిందికి దూకి, పులుసులో తడిసిన చేప ముక్కను పొడిచి, ఒక తునక నోట కరచుకుంది. "ముట్టింది! ముట్టింది!" అని అందరూ చేతులు జోడించారు. కాకి ఎగిరి మళ్లీ గోడెక్కింది. తునక మింగింది. ఆపైన ముక్కును రాతికి ఇటొకసారి, అటొకసారి రుద్దింది. ఆగి చూసి మళ్లీ రుద్దింది. శుభ్రమయ్యేదాకా రుద్దుతూనే ఉంది.